వేరే కప్పు కింద

21 జనవరి 1943, గురువారం

ఇవాళ హాలు దులిపారు. మనుషులు లేని గదికి వారం వారం తలంటు!

బండ్ల సరుకు దిగిపోయి, గుమాస్తాలు భోజనానికి పోయిన వేళ మా మండీలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంట్లో రాసుకోవడానికి చోటు లేదు. చిత్తూరులో మా ఇంటి ముందు నిలబడి చూసినవాడెవడూ ఈ మాట నమ్మడు. వీధి వైపు మద్రాసు మిద్దె, ఆరు కిటికీల హాలు, దాన్ని ఆనుకుని మేజా గది. హాల్లో రెండు సోఫాలు, నిలువెత్తు గడియారం. మేజా గదిలో నల్లగా మెరిసే మేజా, చుట్టూ ఎనిమిది కుర్చీలు. దాని వెనక తాత కట్టించిన పెంకుటిల్లు. మేమంతా బతికేది ఆ పెంకుటింట్లో. వంటింటికీ ధాన్యం కొట్టుకూ మధ్య ఇరుక్కున్నది నా గది. దానికి కిటికీ లేదు. పైన చేటంత గవాక్షం ఉంది, అదీ వంటింటి వైపు. పొయ్యి రాజేస్తే పొగ ముందు మమ్మల్ని పలకరించి, ఆ తర్వాత బయటికి పోతుంది.

మేజా మీద ఇంతవరకూ ఎవరూ అన్నం తినలేదు. మా మునిరత్నమ్మత్త తిననివ్వదు. నాయనకు చెల్లెలు, అమ్మ పోయినప్పటి నుంచి ఇంటి పెత్తనం ఆమెదే. కొయ్య మీద ఇస్తరి వేస్తే ఎంగిలి లోపలికి దిగుతుందట, కడిగినా పోదట. "మరి దొరలు తింటే?" అని అడిగాను. "దొరలకు ఎంగిలేమి రా!" అంది.

వీధిలో అందరూ మా హాలును కలెక్టరు గది అంటారు. కలెక్టరు ఎన్నడూ రాలేదు. ఆయన వెంట తిరిగే డఫేదారు ఒకసారి వచ్చి సోడా తాగిపోయాడు. ఇప్పుడు నాయన యుద్ధనిధికి ఇచ్చిన విరాళానికి రావు సాహెబ్ బిరుదు వస్తుందని, దానికి ముందు ఒక దొర ఇంటికి వచ్చి చూసిపోతాడని ఎవరో చెప్పారు. ఆనాటి నుంచి హాలుకు తాళం, దాని బీగం చెవి నాయన మొలతాడుకే ఉంటోంది. గురువారం మాత్రం అత్త చేతికి వస్తుంది.

మొన్నటిదాకా హాలు దులిపింది శకుంతలే. పెళ్లయిన నాటి నుంచి నా భార్య ఆ గదిలోకి పోయిందంటే దుమ్ము దులపడానికే. ఈసారి చలికి ఉబ్బసం ముదిరింది. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకుని నిలబడుతోంది.

24 జనవరి

మిషను ఆసుపత్రి డాక్టరు ప్రేమానందం గారు వచ్చి చూశారు. మందు ఇచ్చారు. గదిలో నిలబడి పైకి చూశారు, గవాక్షం చూశారు, తానే దగ్గారు.

"ఈ పొగలో నేనే బతకను. ముందు ఆమెను గాలి వచ్చే గదిలోకి మార్చండి. మందు సంగతి తర్వాత" అన్నారు.

నడవలో పడుకోబెడదామంటే అక్కడా వంటింటి పొగే. దొడ్లో మంచు. వీధి తిన్నె మీద ఆడమనిషిని పడుకోబెట్టలేను కదా. ఇక మిగిలింది హాలు. డాక్టరు చెప్పిన తర్వాత నాయన కాదంటాడా? ఎంతైనా కోడలు.

రేపు నాయనతో మాట్లాడతాను.

25 జనవరి

మండీలో రద్దీ. కుదరలేదు. రేపు.

30 జనవరి

అడిగాను.

రాత్రి అన్నం దగ్గర అడిగాను. ఇంతకంటే ఎవరూ అడగలేరు. "డాక్టరు గారు గాలి కావాలన్నారు" అన్నాను. నాయన మజ్జిగ పోసుకుంటూ, "గాలికేమి, దొడ్డి నిండా ఉండాది" అన్నాడు. నేను ఇంకో మాట అనబోయాను. ఆయన చెయ్యి కడుక్కున్నాడు.

రాయిలాంటి మనిషి. ఈ వయసులో ఈ మనిషికి చెప్పేవాడెవడు? గదిలోకి పోతే శకుంతల దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదు. "ఏమన్నారు?" అని అడిగింది. "చూస్తామన్నాడు" అన్నాను. నా భార్యకు నేను చెప్పిన మొదటి అబద్ధం కాదు గానీ, ఇంత చులకనగా ఎప్పుడూ చెప్పలేదు.

6 ఫిబ్రవరి

నా వల్ల కాదని అత్తను పంపాను. ఆమె మాట నాయన వింటాడు. నేను పక్కన ధాన్యం కొట్టులో నిలబడి విన్నాను.

"అన్నా, ఆ పిల్లను నాలుగు నాళ్లు ముందర గదిలో పండబెడితే ఏమి?"

"నీకు మతి ఉండాదా? ఆడ పండబెట్టినాక ఏమన్నా అయితే? నచ్చత్రం మంచిది కాకుంటే ఆర్నెల్లు పాడుబెట్టాల. దొర వచ్చే యేళకు వాకిలికి కంప ఏసుకోని కూసుంటామా?"

"అవేం మాటలన్నా! బతికుండే మనిషిని పెట్టుకోని!"

"ఉండే మాటే చెప్పినా. ఈ పెంకుటింటిది ఒక కప్పు, ఆ మిద్దెది వేరే కప్పు. వేరేగా కట్టించిందే వేరేగా ఉండాలని. అయినా వాడి పెండ్లాము గదా, వాడికి లేని నొప్పి నీకేల?"

కొట్టులో వడ్ల బస్తా మీద కూర్చుండిపోయాను. ప్రాణం ఉన్న మనిషికి నక్షత్రం లెక్క కడుతున్నాడు! నేరుగా హాల్లోకి పోయి, ఆ గడియారం ఎత్తి వీధిలో పారేసి ఉంటే బాగుండేది. పోలేదు. చప్పుడు చేయకుండా దొడ్డి దారిన మండీకి వచ్చేశాను.

7 ఫిబ్రవరి

ఆయన మనిషి కాదు. ఆయన మనిషి కాదు.

రేపు మాట్లాడతాను. ఏమైతే అదవుతుంది.

18 ఫిబ్రవరి

సత్యవేడు నుంచి మా అత్తగారు గంగులమ్మ వచ్చింది. కూతుర్ని చూసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తీసుకుపోతానంది. వాళ్లది పూరిల్లే, కానీ నాలుగు పక్కలా చేలు, కావలసినంత గాలి. నాకూ ఆశ పుట్టింది. డాక్టరు గారు వద్దన్నారు. పెట్రోలు లేక బస్సులన్నీ ఇప్పుడు బొగ్గుతోనే నడుస్తున్నాయి. ఆ బొగ్గు పొగలో పొద్దంతా కూర్చుంటే దారిలోనే ప్రాణం మీదికి వస్తుందట.

అత్తగారు తిరిగి పోతూ తిన్నె మీద నిలబడి హాలు కిటికీల వైపు చూసింది. మూసి ఉన్న కిటికీలు. "ఇంత పెద్ద ఇల్లని ఇస్తిమే" అంది. నాతో కాదు. తనలో తాను అనుకుంది. నేను జట్కా పిలవడానికి వీధిలోకి పోయాను.

27 ఫిబ్రవరి

శకుంతల హాలు కావాలని ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు. ఇవాళ మాత్రం మా పాప భారతికి తల దువ్వుతూ దానితో చెప్పింది. "హాల్లో దుమ్ము దులిపేటప్పుడు పడమటి కిటికీ ఒకటి తెరిచి రొంతసేపు నిలబడుకుంటా ఉంటిని. ఆడి నుంచి కొండ కనబడతాది. చల్లని గాలి. మీ తాత వచ్చే అలికిడి అయితే మూసేస్తా ఉంటిని."

పాపకు ఆరేళ్లు. "నేనూ దులుపుతా" అంది.

ఇన్నేళ్లూ ఆ మనిషి గాలి దొంగతనం చేసి పీల్చుకుందా! ఆ గదికి ఆరు కిటికీలు.

4 మార్చి, గురువారం

ఏమని రాయను?

పొద్దున నాయన కోర్టు పని మీద పోయాడు. బీగం చెవి అత్త చేతికి వచ్చింది. నేను మండీకి బయలుదేరుతుంటే అత్త నన్ను నడవలో ఆపి, "మీ నాయన మాపటికి గానీ రాడు. ఆ పిల్లను ఎత్తుకోని రా" అంది. ఎత్తుకుని పోయాను. ఏమీ బరువు లేదు.

పడమటి కిటికీలు మూడూ తెరిచింది అత్త. శకుంతలను సోఫా మీద ఆనించి కూర్చోబెట్టాము. కాసేపు ఆయాసపడింది. తర్వాత గాలి తగిలింది. ముఖం తేటపడింది. చాలా నాళ్ల తర్వాత తల వెనక్కి వాల్చి, నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ నిద్రపోయింది. అత్త నేల మీద కూర్చుని ఆమె కాళ్లు ఒత్తింది. ఎన్నడూ ఒత్తిన మనిషి కాదు. భారతి కిటికీ ఊచలు పట్టుకుని కొండను చూసింది. నాకు మండీ గుర్తు రాలేదు. ఇంతేనా, ఇంత సులువా అనుకున్నాను. ఈమె బతుకుతుంది అనుకున్నాను.

వీధి గేటు చప్పుడయింది. వాయిదా పడిందట, నాయన తిరిగి వచ్చేశాడు.

ఆయన ఏమీ అనలేదు. అది రాయాలి. ఇంకా తిన్నె మీదే ఉన్నాడు, చెప్పులు విడుస్తున్నాడు. లోపలికి కూడా చూడలేదు. నేనే లేచాను. నిద్రపోతున్న మనిషిని ఎత్తుకుని పరుగున నడవ దాటి చీకటి గదిలో దించాను. ఉలిక్కిపడి లేచింది. దగ్గు పట్టుకుంది. దగ్గుతూనే నన్ను చూసింది.

ఆయన అడిగి ఉంటే జవాబు చెప్పేవాడినే. అడగలేదు కదా.

5 మార్చి

రాత్రంతా కూర్చునే ఉంది.

12 మార్చి

డాక్టరు ప్రేమానందం గారిని నేనే బతిమాలి తీసుకువచ్చాను. "మీరే చెప్పండి, మీ మాట కాదనడు" అన్నాను. ఆయన నన్ను ఒకలా చూశారు గానీ వచ్చారు.

డాక్టరు కనుక హాలు తెరిచారు. కాఫీ తెచ్చారు. ఆయన సోఫాలో కూర్చుని చుట్టూ చూశారు.

"ఆదిమూలం శెట్టి గారూ, ఇంత గాలి పెట్టుకుని కోడల్ని ఆ గదిలో ఎందుకు పెట్టారండీ? ఇక్కడ మంచం వేయించండి. మీ దొర వచ్చే రోజుకు తీసేయొచ్చు."

నాయన నవ్వాడు.

"మావాడు చెప్పమన్నాడా మీతో?"

అని నా వైపు చూశాడు. డాక్టరు గారూ నా వైపు చూశారు. నేను గడియారం వైపు చూశాను. అది ఆగిపోయి ఉంది, ఎవరూ కీ ఇవ్వలేదు.

"లేదండీ, నేనే చెప్తున్నాను" అన్నారు డాక్టరు గారు.

"సూస్తాం లెండి" అన్నాడు నాయన.

గేటు దాకా సాగనంపాను. ఆయన వెనక్కి తిరగకుండా వెళ్లిపోయారు. ఆయనకేం తెలుసు? నాయనకు ఎదురు చెప్పడమంటే ఏమిటో ఈ ఇంట్లో పుడితే తెలుస్తుంది. మండీ ఆయనది, ఇల్లు ఆయనది, నా ఒంటి మీద చొక్కా ఆయనది. సమయం చూసి అడగాలి. దొర వచ్చిపోతే ఆయన మనసు మెత్తబడుతుంది. అప్పుడు అడిగితే కాదనడు. అదే మంచిది. అవును, అదే మంచిది.

20 మార్చి

ఉగాది దాటాక దొర వస్తాడని కబురు. హాలుకు సున్నం. సున్నం వాసనకు శకుంతలకు మళ్లీ ఎక్కువయింది. ఇన్నాళ్లు ఓర్చుకుంది, ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటే చాలు.

28 మార్చి

జ్వరం. నెమ్ము చేరిందన్నారు డాక్టరు గారు. ఇప్పుడు కదిలించకూడదన్నారు. ఇప్పుడు కదిలించకూడదట.

అత్త వంటింట్లో పొయ్యి ఆర్పేసి, దొడ్లో మూడు రాళ్లు పెట్టుకుని ఎండలో వండుతోంది. ఈ ఆలోచన జనవరిలో ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. హాలు, హాలు అని దాన్నే పట్టుకుని వేలాడాను.

31 మార్చి

శకుంతల నా చెయ్యి పట్టుకుని, "పాపను ఈ గదిలో పండబెట్టొద్దండి" అంది. "నీకు నయమవుతుంది" అన్నాను. "పండబెట్టొద్దండి" అంది మళ్లీ.

డాక్టరు కాదంటే కాదననీ. కదిలించినా ఇంతే, కదిలించకున్నా ఇంతే. రేపు పొద్దున లేవగానే నాయన దగ్గరికి పోతాను. ఈసారి అత్త వద్దు, డాక్టరు వద్దు. నేనే. ఆయన చెప్పుతో కొట్టినా సరే.

1 ఏప్రిల్

తెల్లవారి, పాలు పితికే వేళకు పోయింది.

నేను అప్పటికి ముఖం కడుక్కుంటున్నాను.

4 ఏప్రిల్

పురోహితుడు పంచాంగం చూసి, ఆమె పోయిన నక్షత్రం ధనిష్ఠ అన్నాడు. ఆరు నెలలు పాడుపెట్టాలి. కర్మ అయ్యాక ఇల్లు ఖాళీ చేయాలన్నాడు.

"ఆ ఒక్క గదేనా?" అని అత్త అడిగింది.

"ఒక్క గదికి పోదమ్మా. ఆ కప్పు కింద ఉండేదంతా ఒక్కటే లెక్క. వంటిల్లు, నడవ, మీ అన్నగారి గది, అన్నీ మూయాల్సిందే." తర్వాత తల ఎత్తి ముందు వైపు చూశాడు. "ఆ మిద్దెకు దోషం లేదు. దానిది వేరే కప్పు కదా. మీరు బాడుగ ఇల్లు వెతుక్కోనక్కరలేదు, అందరూ అందులో ఉండొచ్చు. అదృష్టవంతులు" అన్నాడు.

అదృష్టవంతులు అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. అందరి ముందూ పకపకా నవ్వాను. ఆపుకోలేకపోయాను. అత్త నా తల తన పొట్టకు అదుముకుంది.

13 ఏప్రిల్

హాల్లోకి మారాము. పెంకుటింటి తలుపుకు కంప వేశారు. సోఫాల మీద పరుపుచుట్టలు, గడియారం మీద నాయన పైపంచె, కిటికీ ఊచలకు పాప గౌన్లు. తిన్నె చివర చాపలు అడ్డం కట్టి అత్త వంట చేస్తోంది. పొగంతా వీధిలోకి పోతోంది.

కిటికీలు ఆరూ తెరిచే ఉంటున్నాయి. మూస్తే ఉక్క అని నాయనే తెరవమన్నాడు.

రాత్రి గాలి ఎక్కువై నాకు చలేసింది. దుప్పటి కప్పుకోలేదు.

20 ఏప్రిల్

దొర వచ్చాడు. లోపల పరుపులు ఎత్తడానికి అత్త తంటాలు పడుతుంటే ఆయన తిన్నె మీదే కూర్చున్నాడు. "ఇక్కడ బాగుంది, చల్లగా ఉంది" అన్నాడట ఇంగ్లీషులో. మజ్జిగ అడిగి తాగాడు. ఇంట్లో చావు జరిగిందని తెలిసి టోపీ తీసి, ఒక నిమిషం తల దించుకున్నాడు. హాలు వైపు తల తిప్పలేదు. పోయాడు.

దొర కారు కనుమరుగయ్యేదాకా నాయన గేటు దగ్గర నిలబడి, వచ్చి తిన్నె మీద దొర కూర్చున్న చోటును చేత్తో ఒకసారి తడిమాడు. ముసలివాడైపోయాడు. జాలి పడాలి. నాకు జాలి రాలేదు.

23 ఏప్రిల్

అందరం హాల్లో నేల మీద అన్నానికి కూర్చున్నాము. ఒక్క మేజా గదికి మాత్రం ఇంకా బీగం ఉంది. సామాను పాడవుతుందని నాయన దాన్ని తెరవనివ్వలేదు.

భారతి ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆ తలుపు వైపే చూస్తోంది.

"అవ్వా, ఆ గది ఎప్పుడు తెరుస్తారు?"

"దాంతో నీకేం పని? గమ్మున తిను" అంది అత్త.

"ఎవరు సచ్చిపోతే తెరుస్తారు?"

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. పాప కోపంగా అడగలేదు, ఏడుస్తూ అడగలేదు. తెలియక అడిగింది. ఇంకా విడమరిచి చెప్పింది కూడా. "అమ్మ సచ్చిపోతే ఈ గది తెరిచినారు గదా. ఆ గదికి ఎవరు సచ్చిపోవాల? తాతా, నువ్వా?"

నేను లేచాను. ఎంగిలి చేత్తోనే లేచాను. నాయన ముందుకు పోయి నిలబడ్డాను.

"నాయనా, బీగం చెవి ఇయ్యి."

కొడతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. ఆయన మొలతాడు వెతుక్కున్నాడు. ముడి బిగిసి ఒక పట్టాన రాలేదు. వచ్చాక, చెవి నా చేతిలో పెట్టాడు.

"మీ అత్త అడిగె. డాక్టరు అడిగె. నువ్వు అడుగుతావని సూస్తా ఉంటి" అన్నాడు. "నీ నోటితో నువ్వు ఒక్కనాడన్నా అడిగితివా రా?"

అడిగాను అనబోయాను. అన్నం దగ్గర, ఆ రాత్రి. డాక్టరు గారు గాలి కావాలన్నారని చెప్పాను. అంతే చెప్పాను.

నేను అడిగి ఉంటే మాత్రం ఇచ్చేవాడా? ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు ఎవరూ మిగలలేదు కనుక ఇచ్చాడు, తప్పు నా మీదికి తోయడానికి అన్నాడు. అలా రాసుకుని నిద్రపోవాలని ఉంది.

మేజా గది తెరిచాను. దానికీ కిటికీలు ఉన్నాయి, రెండు, తూర్పు వైపు. తెరిచాను. అత్తే పాప ఇస్తరి తెచ్చి మేజా మీద వేసింది. భారతి కుర్చీ ఎక్కి, మోకాళ్ల మీద నిలబడి, పప్పన్నం కలుపుకుని తిన్నది. కొయ్య మీద నాలుగు మెతుకులు పడ్డాయి.

నాయనా, బీగం చెవి ఇయ్యి. ఇంత చిన్న మాట.